వెనకవాడికి ఎవరు చెబుతారు?

“బ్రేకు బాగానే పడుతోంది కదా, వెనక లైటు వెలగకపోతే ఏమైందిప్పుడు?” కొత్తగూడెంలోనో పాల్వంచలోనో ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డు ముందు కాసేపు కూర్చుంటే ఎవరో ఒకరి నోట ఈ మాట వినిపిస్తుంది. నిర్లక్ష్యంగా అన్నదే అయినా అందులో సగం నిజం లేకపోలేదు. బండిని ఆపే పని ఒకటి, లైటు వెలిగించే పని ఇంకొకటి. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేక్ ఆయిల్ ఒత్తిడి చక్రాల దాకా పోయి ప్యాడ్లను బిగిస్తుంది. లైటుకు పోయేది కరెంటు. బ్రేకు ఫెయిలైన బండికి కూడా పెడలు తొక్కితే వెనక ఎర్రగా వెలుగుతుంది. లైటు తీగ తెగిన బండి కూడా చక్కగా ఆగుతుంది. ఈ రెండు దారులూ ఎదురుపడేది ఒక్కచోటే. డ్యాష్‌బోర్డు కింద చీకట్లో, పెడలు కాడకు ఎగువన బిగించిన బొటనవేలంత ప్లాస్టిక్ స్విచ్ దగ్గర.

మిగతా సగం నిజం వెనక వచ్చేవాడిది. హారన్ పోతే మనకు వినపడదు, హెడ్‌లైటు పోతే దారి కనపడదు, క్లచ్ పోతే కాలికి తెలుస్తుంది. బ్రేకు లైటు పోయిన సంగతి మాత్రం నడిపేవాడికి తప్ప అందరికీ తెలుస్తుంది. ఊళ్ళో అయితే వెనకున్న షట్టరు మీదో లారీ బంపరు మీదో ఎర్రటి వెలుగు పడడం అద్దంలో ఎప్పుడో ఒకసారి కంటబడుతుంది. భద్రాచలం దాటి చింతూరు వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద అడవి దగ్గరపడ్డాక గోడ ఉండదు, షట్టరు ఉండదు. చీకటి పడేవేళ మేతకు పోయిన పశువులు మందగా రోడ్డెక్కుతాయి, మనం బ్రేకు తొక్కుతాం.

అప్పుడు వెనకవాడి కంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. దూరంగా ఉన్న బండి తగ్గుతోందా, పోతూనే ఉందా అన్నది పోల్చుకోవడంలో మన కన్ను చాలా మందకొడిది. ముందున్న బండి ఆకారం పెరగడాన్ని బట్టే దగ్గరవుతున్నామని గ్రహిస్తాం. ఆ పెరుగుదల దూరంలో ఉన్నప్పుడు దాదాపు కనపడదు, దగ్గరికొచ్చాక ఒక్కసారిగా మీద పడ్డట్టు ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఆలస్యమైతే దాదాపు 17 మీటర్లు. వెనక ఉన్నది మణుగూరు నుంచి బొగ్గు నింపుకొచ్చిన టిప్పరైతే ఆ 17 మీటర్లు ఎంత విలువైనవో వేరే చెప్పక్కర్లేదు.

పెడలు వెనక బొడిపె

ఫ్రిజ్ తలుపు అంచున ఒక బొత్తాం ఉంటుంది. తలుపు మూస్తే అది లోపలికి నొక్కుకుపోయి దీపం ఆరుతుంది, తెరిస్తే పైకి లేచి దీపం వెలుగుతుంది. బ్రేకు లైటు స్విచ్ అచ్చంగా అదే. కాలు వేయనప్పుడు పెడలు కాడ స్ప్రింగు బలంతో వెనక్కి వచ్చి స్విచ్ బొడిపెను నొక్కి పట్టుకుంటుంది. అలా నొక్కినంతసేపూ లైటు ఆఫ్. మనం తొక్కగానే కాడ జరుగుతుంది, బొడిపె బయటికి వస్తుంది, లోపల రెండు లోహపు బిళ్ళలు ఒకదాన్నొకటి తాకుతాయి, కరెంటు వెనక్కి పరుగెడుతుంది. అంటే తొక్కినప్పుడు ఈ స్విచ్ నొక్కుకోదు, వదులవుతుంది. ఈ తిరకాసు తలకెక్కితే సగం రిపేరు వచ్చేసినట్టే.

మోటారు సైకిలు వెనక బ్రేకు దగ్గర చూస్తే ఇంకో రకం కనిపిస్తుంది. అక్కడ పెడలుకు కట్టిన సన్నటి స్ప్రింగు స్విచ్‌ను లాగుతుంది. పాత జీపుల్లో స్విచ్ మాస్టర్ సిలిండర్ దగ్గరే ఉండేది. ఆయిల్ ఒత్తిడి పెరిగితేనే లైటు వెలిగేది కాబట్టి, బ్రేకు నిజంగా పడినప్పుడే వెనకవాడికి కబురు అందేది. ఆలోచనగా అదే నిజాయితీ గల పద్ధతి అనిపిస్తుంది నాకు. కాకపోతే ఆయిల్ కారడానికి ఇంకో చోటు దొరికినట్టయ్యేది, పైగా గట్టిగా తొక్కేదాకా లైటు వెలిగేది కాదు. ఇప్పటి స్విచ్ పెడలు మీద కాలు ఆనించగానే, ప్యాడ్లు ఇంకా బిగియకముందే చెప్పేస్తుంది.

బొడిపె వచ్చి తగిలే చోట పెడలు కాడకు ఒక రంధ్రం ఉంటుంది. చాలా బళ్ళలో ఆ రంధ్రంలో గుండీ అంత రబ్బరు బిళ్ళో ప్లాస్టిక్ బిళ్ళో దూర్చి ఉంచుతారు. దీని సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే స్విచ్ మీద పడే నిందల్లో చాలావాటికి అసలు దోషి ఇదే. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన బండి లోపల ఏళ్ళ తరబడి ఉడికి ఆ బిళ్ళ పెళుసెక్కుతుంది. ఒకనాడు పొడిపొడిగా రాలిపోతుంది. ఇప్పుడు బొడిపెకు ఆనడానికి ఏమీ లేదు. నేరుగా రంధ్రంలోకి దూరిపోతుంది, పెడలు తొక్కే ఉందని స్విచ్ అనుకుంటుంది. బండి ఆపి తాళం వేసినా బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉంటాయి. వెనక రెండు బల్బులు, పైన మూడోది కలిపి సుమారు 4 ఆంపియర్లు లాగుతాయనుకుంటే, 12 గంటల రాత్రిలో 48 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 60 అయితే తెల్లారి స్టార్టరు తిరగడానికి ఏం మిగులుతుంది? బ్యాటరీ పోయిందని కొత్తది కొన్నవాళ్ళున్నారు. డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాటు దులిపి చూస్తే నల్లటి పలుకులో, తెల్లటి పెంకులో కనపడతాయి. కనపడ్డాయా, స్విచ్ జోలికి పోనక్కర్లేదు. కొన్ని రూపాయల బిళ్ళ తెచ్చి రంధ్రంలో వేలితో నొక్కితే పని అయిపోతుంది.

కంప్యూటర్ కూడా ఆ మాటే నమ్ముతుంది

ఒకప్పుడు ఈ స్విచ్‌కు రెండే తీగలు. ఇప్పటి ఎస్‌యూవీల్లో చాలావాటికి నాలుగు. లోపల రెండు జతల బిళ్ళలు ఉంటాయి. పెడలు తొక్కితే ఒక జత కలుస్తుంది, రెండోది విడిపోతుంది. రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురు మాట చెప్పాలి. ఎప్పుడైనా రెండూ ఒకే మాట చెప్పాయంటే స్విచ్‌లో ఏదో తేడా ఉందని ఇంజన్ కంప్యూటర్ పసిగట్టి, మీటర్లో హెచ్చరిక దీపం వెలిగించి, తన జ్ఞాపకంలో ఒక నంబరు రాసుకుంటుంది. స్కానర్ పెడితే పి0504 అని వస్తే రెండు జతలకూ పొత్తు కుదరడం లేదని, పి0571 అని వస్తే మొదటి జత వలయంలో లోపమని అర్థం.

డ్రైవరు కాలు ఎక్కడుందో తెలుసుకోవడానికి కంప్యూటర్‌కున్న ముఖ్యమైన ఆధారం ఇదే. అందుకే ఇది తప్పు చెబితే సంబంధం లేనట్టు కనిపించే పనులన్నీ చెడతాయి. బటన్ స్టార్ట్ ఉన్న ఆటోమేటిక్ బండి బ్రేకు తొక్కితే తప్ప ఇంజన్ అందుకోదు. స్విచ్ చచ్చిపోతే బ్యాటరీ నిండుగా ఉన్నా బండి కదలదు. గేరు మీట ‘పి’ దగ్గరే బిగుసుకుపోతుంది. క్రూజ్ కంట్రోల్ పెట్టుకోనివ్వదు. కొన్ని డీజిల్ బళ్ళలో స్విచ్ తొక్కినట్టే ఇరుక్కుపోతే, బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కుతున్నారేమోనని కంప్యూటర్ అనుమానపడి ఇంజన్ బలం తగ్గిస్తుంది. డీజిల్ ఫిల్టరు మార్చి, ఇంజెక్టర్లు కడిగించి, చివరికి ఈ చిన్న ముక్క దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువ.

ఇది మన దగ్గరి రోడ్ల మహిమ మాత్రమే కాదు. 2013 ఏప్రిల్‌లో అమెరికాలో హ్యుందాయ్, కియా కంపెనీలు ఈ స్విచ్ లోపం కారణంగానే 16 లక్షలకు పైగా బళ్ళను వెనక్కి పిలిచాయి. శాంటాఫే, టక్సన్, సొరెంటో, స్పోర్టేజ్ లాంటి ఎస్‌యూవీలు అందులో ఉన్నాయి. లైట్లు వెలగకపోవడం, క్రూజ్ కంట్రోల్ వదలకపోవడం, గేరు ‘పి’ నుంచి కదలకపోవడం అప్పుడు చెప్పిన లక్షణాలు.

మూడో దీపం

వెనక అద్దం దగ్గర ఎత్తులో ఉండే మూడో బ్రేకు దీపానికి ఒక కథ ఉంది. 1974లో జాన్ వోవోడ్‌స్కీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 343 టాక్సీలకు ఒక అదనపు దీపం బిగించి, మామూలు టాక్సీలతో పోల్చి చూశాడు. వెనక నుంచి గుద్దుకోవడాలు 60 శాతానికి పైగా తగ్గాయి. ఆ ఫలితం, దాని వెంట వచ్చిన మరికొన్ని పరీక్షలు ఊరించడంతో 1986 మోడల్ కార్ల నుంచి అక్కడ అది తప్పనిసరైంది. ఎస్‌యూవీల వంతు 1994 మోడళ్ళతో వచ్చింది. అందరికీ వచ్చాక లెక్క మారింది. అక్కడి రహదారి భద్రతా సంస్థ 1998లో తేల్చిన దీర్ఘకాలపు తగ్గుదల 4.3 శాతం. కొత్త వస్తువును కన్ను ఎగబడి చూస్తుంది, అలవాటయ్యాక మామూలుగానే చూస్తుంది. అయినా అన్ని బళ్ళ మీద 4 శాతం అంటే చిన్న సంగతి కాదు, ఆ దీపానికయ్యే ఖర్చుతో పోలిస్తే మరీను.

మంచులో ఎరుపు దూరం పోతుంది కాబట్టే బ్రేకు లైటు ఎర్రగా పెట్టారని బడిలో చెబుతారు. చలికాలం తెల్లవారుజామున గోదావరి ఒడ్డున కమ్మే మంచుకు ఈ మాట వర్తించదు. గాలిలోని అతి సన్నటి కణాలు నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా చెదరగొడతాయన్నది నిజమే. మంచు తుంపరలు వాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. ఎరుపంటే ఆగమని లోకమంతా ఒప్పుకున్నది కాబట్టి ఎరుపు.

మన రిపేరుకు మూడో దీపం మరో విధంగా పనికొస్తుంది. అది సాక్ష్యం చెబుతుంది.

తప్పు ఎక్కడుంది

మొదట గుడ్డ తీసుకుని వెనక దీపాలు తుడవాలి. పెట్టెలాంటి ఎస్‌యూవీ వేగంగా పోతుంటే దాని వెనక గాలి సుడులు తిరిగి ఒత్తిడి తగ్గుతుంది. చక్రాలు లేపిన దుమ్ము ఆ సుడుల్లో పడి వెనక తలుపు మీదికే వచ్చి అంటుకుంటుంది. కార్లకన్నా ఎస్‌యూవీలకు వెనక వైపరు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. తునికాకు కల్లాల దాకా మట్టి రోడ్డులో పోయివచ్చిన బండి దీపం మీద ఎర్రమట్టి పొర దళసరిగా ఉంటుంది. లోపల 21 వాట్లు వెలుగుతున్నా బయటికొచ్చేది కొంచెమే.

తరవాత ఒక మనిషిని వెనక నిలబెట్టి పెడలు తొక్కాలి. ఒక్క దీపమే వెలగకపోతే బల్బో హోల్డరో పోయింది, స్విచ్‌కు సంబంధం లేదు. కింది రెండూ వెలిగి పైది వెలగకపోతే డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో చూడాలి. తలుపు తెరిచి మూసినప్పుడల్లా అక్కడి తీగలు వంగి వంగి తెగుతాయి. మూడూ ఒకేసారి ఆరిపోయాయంటే, మూడు బల్బులు ఒకే రోజు మాడడం జరిగే పని కాదు కనుక, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజు, స్విచ్, వాటి మధ్య తీగ మీద అనుమానం పెట్టుకోవాలి. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటరో పార్కింగ్ లైటో మసకగా వెలిగితే ఎర్తు పోయినట్టు. బాడీలోకి దిగే దారి మూసుకుపోయిన కరెంటు పక్క దీపం తీగలో నుంచి దొంగదారిన పోతోందన్నమాట.

ఎర్తు పోవడానికి ఈ ప్రాంతంలో ఒక ప్రత్యేక కారణం ఉంది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ చేస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరవాత అంత నీరు అప్పుడే. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా కప్లర్ల లోపలి సన్నటి ఒండ్రు పోదు. తడి తగిలినప్పుడల్లా రాగి మీద పచ్చటి చిలుము పెరుగుతుంది. సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి ఒక కప్లరు ఊడదీసి చూడడం మంచిది. అక్కడ చిలుము ఉంటే నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో అమ్మేవాడు చెప్పక్కర్లేదు.

ఫ్యూజు బాగుంటే స్విచ్ దగ్గరికి. చదువుకున్నవాళ్ళు డిజిటల్ మల్టీమీటర్ తీస్తారు, పాత మెకానిక్ హోల్డరుకు రెండు తీగలు కట్టిన ఇండికేటర్ బల్బు తీస్తాడు. పాత పద్ధతి రెండు తీగల స్విచ్ వరకు నా ఓటు బల్బుకే. కారణం తెలియాలంటే స్విచ్ ఎలా చస్తుందో చూడాలి. బల్బు చల్లగా ఉన్నప్పుడు దాని టంగ్‌స్టన్ తీగ నిరోధం, వెలుగుతున్నప్పటి నిరోధంలో పదో వంతు ఉంటుంది. కాబట్టి వెలిగించిన తొలి క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు దూసుకుపోతుంది. విడిపోయేటప్పుడు బిళ్ళల మధ్య చిన్న నిప్పురవ్వ లేస్తుంది. వేల సార్లు ఇలా జరిగాక బిళ్ళలు గుంటలు పడి నల్లబడతాయి. బంపరుకు అదనపు లైట్లు బిగించి ఇదే తీగకు కలిపితే స్విచ్ చచ్చే రోజు ఇంకా ముందే వస్తుంది. ఆ నల్లటి పొర ఒక్క ఓం నిరోధం పెట్టినా రెండు బల్బులకు అందాల్సిన 12 వోల్టుల్లో దాదాపు 2.7 వోల్టులు స్విచ్‌లోనే ఆగిపోతాయి. వేలెడంత ప్లాస్టిక్ లోపల 7 వాట్ల వేడి పుడుతుంది, ఆ వేడికి బిళ్ళలు ఇంకా పాడవుతాయి. మల్టీమీటర్ తనలోకి కరెంటును దాదాపు లాగదు. వెనక దీపాల కప్లర్లు ఊడదీసి మీటర్‌తో చూస్తే అలాంటి చచ్చు స్విచ్ గుండా కూడా నిండు 12 వోల్టులు చూపించి, స్విచ్ బాగుందంటుంది. బల్బు బరువు మోయాలి కాబట్టి మసకగా వెలిగి నిజం చెప్పేస్తుంది.

బల్బు ఒక కొస బాడీకి ఆనించి, రెండో కొసతో కప్లరు వెనక నుంచి స్విచ్ తీగలను తడిమి చూడాలి. ఒక తీగలో ఎప్పుడూ కరెంటు ఉండాలి, చాలా బళ్ళలో తాళం తీసినా ఉంటుంది. రెండో తీగలో పెడలు తొక్కితేనే రావాలి. మొదటిదాంట్లో ఉండి, తొక్కినా రెండోదాంట్లో రాకపోతే కప్లరు ఊడదీసి ఆ రెంటినీ చిన్న తీగ ముక్కతో కలపాలి. వెనక దీపాలు భగ్గున వెలిగాయా, దోషి స్విచ్చే. నాలుగు తీగలున్నచోట మాత్రం వైరింగ్ బొమ్మ చూడకుండా ఏ రెండూ కలపకూడదు. కంప్యూటర్‌కు పోయే తీగకు బల్బు ఆనిస్తే స్విచ్ బదులు కంప్యూటర్ కొనాల్సి రావచ్చు. అలాంటి బళ్ళలో స్కానర్ తెర మీద రెండు జతల ఆన్, ఆఫ్ చూసుకుంటూ పెడలు తొక్కడమే మేలు. ఇక పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి మీద చెయ్యి వేయకూడదు.

బిగించే చోట

మార్చడం కష్టమేమీ కాదు, భంగిమే కష్టం. చక్రాలకు రాళ్ళు పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీసి, సీటు వెనక్కి జరిపి, వీపు గడప మీద ఆనించి తల పెడళ్ళ కిందికి పోనివ్వాలి. టార్చి పళ్ళ మధ్య పెట్టుకోక తప్పదు. స్విచ్ రెండు రకాలు. మరలు ఉన్న పాత రకానికి వెనక లాక్ నట్ ఉంటుంది, పానాతో వదులు చేసి చేత్తో తిప్పి తీసేయవచ్చు. కొత్త రకం పావు చుట్టు తిప్పితే ఊడివస్తుంది. దీన్ని బిగించే తీరు బండిని బట్టి మారుతుంది. చాలావాటికి బొడిపెను పూర్తిగా బయటికి లాగి, పెడలు తొక్కి పట్టుకుని, స్విచ్ పెట్టి తిప్పి, పెడలును నెమ్మదిగా వదలాలి. తిరిగి వచ్చే కాడ బొడిపెను కావలసినంత లోపలికి నెట్టి తనకు తనే కొలత పెట్టుకుంటుంది. కొన్నిటిలో ఈ కొలత ఒక్కసారికే. తీసి మళ్ళీ పెడితే పనికిరావు.

మరల రకంలో కొలత మన చేతిలో ఉంటుంది, ప్రమాదమూ అక్కడే. స్విచ్ మరీ వెనక ఉంటే బొడిపె పూర్తిగా నొక్కుకోదు, లైటు ఆరదు. మరీ ముందుకు తిప్పితే స్విచ్ శరీరమే కాడకు అడ్డుపడి పెడలు పూర్తిగా వెనక్కి రాదు. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి పోయే దారి తెరుచుకోక, కాలు తీసినా ప్యాడ్లు కొద్దిగా పట్టుకునే ఉంటాయి. లైటు వెలుగుతుంది, ఆరుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకే లైటు చూసి ఊరుకోకుండా సారపాక దాకా ఒక చుట్టు పోయి రావాలి. బండి ఆపి ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి కొంచెం దూరంగా పెట్టి సెగ చూడాలి. ముట్టుకోకూడదు, చెయ్యి కాలుతుంది. వెళ్ళేముందుకన్నా సెగ విపరీతంగా ఉన్నా, న్యూట్రల్‌లో బండి తోస్తే బరువుగా కదిలినా, లాక్ నట్ వదులు చేసి స్విచ్‌ను ఒక అర చుట్టు వెనక్కి తిప్పి, నట్ బిగించి, వెనక మనిషిని మళ్ళీ నిలబెట్టాలి.